ఎకరం వాన, ఎకరం తోట

 

పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల పండ్ల తోటలకు నీళ్ళు ఎన్ని కావాలి, ఎప్పుడు కావాలి, ఎక్కడ పోయాలి? ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వేరువేరు జిల్లాలయ్యాయి. పేర్లు మారినా నేల అదే, వాన అదే. జగిత్యాల చుట్టుపక్కల మామిడి తోటలు మన రాష్ట్రానికే పేరు తెచ్చాయి. ఎండకాలం చల్‌గల్ మార్కెట్ నుంచి కాయ లారీల్లో ఉత్తరాది దాకా పోతుంది. అటు మంచిర్యాల, నిర్మల్ వైపు కూడా మామిడి ఉంది. మహారాష్ట్ర సరిహద్దున, విదర్భ పొరుగున ఉన్న ఆదిలాబాద్‌లో కమలా తోటలు వేసిన రైతులూ ఉన్నారు. మామిడిలో బెనిషాన్ అయినా, దశేరి అయినా, హిమాయత్ అయినా, లేక కమలా అయినా, ఈ తోటలన్నీ ఎండకాలంలో బతికేది భూమిలో దాగిన నీటి మీదే.

నేను చెప్పదలచిన మాట మొదటే చెప్పేస్తాను. మీ ఎకరం మీద పడిన వానలో భూమిలోకి ఇంకిన భాగం, లెక్కగా వాడితే, ఆ ఎకరం మామిడి తోటకు దాదాపుగా సరిపోతుంది. లెక్క తప్పితే ఎంత లోతు బోరు వేసినా సరిపోదు. ఎలాగో చూద్దాం.

ముందు వాన సంగతి. కరీంనగర్ వైపు ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లకు పైగా, ఆదిలాబాద్ వైపు వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఈ అంకె చూస్తే మనది మెట్ట ప్రాంతమని ఎవరూ అనరు. చిక్కు ఎక్కడుందంటే, ఆ వానలో నూటికి 80 పాళ్ళు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. మృగశిరకు మొదలై దసరా నాటికి ముగుస్తుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆకాశం నుంచి చెప్పుకోదగ్గ చినుకు ఉండదు. ఆ ఎనిమిది నెలల్లోనే మామిడి పూత పూయాలి, పిందె పట్టాలి, కాయ ఊరాలి. రామగుండం, జగిత్యాల, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లోనే కాయకు నీటి అవసరం ఎక్కువ.

ఇక భూమి లోపలి సంగతి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎక్కువ భాగం అడుగున నల్లరాయి, గ్రానైటు. పైన చెల్క, దుబ్బ నేలలు, వాటి కింద మెత్తబడిన మొరం, దాని కింద గట్టి బండ. ఆదిలాబాద్ పడమర, ఉత్తర భాగాల్లో అడుగున అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన బసాల్టు రాయి, పైన నల్ల రేగడి. గోదావరి ఒడ్డున మంచిర్యాల, పెద్దపల్లి వైపు బొగ్గు దొరికే ఇసుకరాయి పొరలున్నాయి. అక్కడ నీటి నిల్వ కొంచెం మెరుగు. బండ నేలల్లో మాత్రం నీళ్ళు ఉండేది మెత్తబడిన మొరం పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ. అందులోనూ వంద పాళ్ళ మొరంలో మనం తోడుకోగలిగే నీళ్ళు ఒకటి నుంచి మూడు పాళ్ళకు మించవు. ఎకరం కింద నీటి మట్టం ఒక మీటరు దిగిపోయిందంటే మనకు దక్కింది ఇంచుమించు 40 వేల నుంచి లక్షా 20 వేల లీటర్ల నీళ్ళే. బోరు లోతుగా వేస్తే నీళ్ళు ఎక్కువ వస్తాయన్న నమ్మకం ఈ బండ నేలల్లో ఎన్నో కుటుంబాలను అప్పుల పాలు చేసింది. పగుళ్ళు లోతుకు పోయిన కొద్దీ తగ్గుతాయి, బండ మూసుకుపోతుంది.

ఇప్పుడు లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఎకరానికి సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే 900 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద పడిన నీళ్ళు 36 లక్షల లీటర్లు. ఇందులో కొంత వాగుల్లో, ఒర్రెల్లో పారిపోతుంది, ఎక్కువ భాగం ఎండకు, మొక్కలకు పోతుంది. మన బండ నేలల్లో బావికి అందే లోతు దాకా దిగేది సుమారు పదో వంతు. అంటే ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లకు కొంచెం ఎక్కువ.

అటు చెట్టుకు కావలసింది ఎంత? చెట్టు నీళ్ళు తాగేది ఎండను, గాలిని బట్టి, దాని కొమ్మల గొడుగు వెడల్పును బట్టి. పరిశోధన స్థానాల్లో నాలుగడుగుల వెడల్పున్న ఇనుప తొట్టిలో నీళ్ళు పోసి, రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు ఆవిరవుతాయో కొలుస్తారు. ఫిబ్రవరిలో అది ఐదు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఏప్రిల్‌లో ఎనిమిది దాటుతుంది. తొట్టిలోంచి ఆవిరయ్యే దాంట్లో చెట్టు తాగేది సుమారు సగం అని పట్టుకోండి. గొడుగు వెడల్పు ఆరు మీటర్లున్న మామిడి చెట్టు 28 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. ఏప్రిల్‌లో ఆ చెట్టుకు రోజుకు దాదాపు 120 లీటర్లు కావాలి. పది మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరానికి 40 చెట్లు. ఎకరానికి రోజుకు 4,800 లీటర్లు. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ ఆఖరు దాకా, చలి రోజులు, ఎండ రోజులు కలిపి సగటు తీస్తే, మూడు నెలలకు ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లు.

విన్నారు కదా. ఎకరం వాన భూమిలోకి దింపింది మూడున్నర లక్షల లీటర్లు, ఎకరం మామిడి అడిగేది మూడున్నర లక్షల లీటర్లు. ప్రకృతి మనకు సరిగ్గా కొలిచి ఇచ్చినట్టే ఉంది. ఇదే నీళ్ళను యాసంగి వరికి లెక్క కట్టి చూడండి. వరికి 1,200 మిల్లీమీటర్లు పెట్టుకున్నా ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. వరి మడిలో పోసిన దాంట్లో కొంత మళ్ళీ భూమిలోకే దిగుతుంది, నిజమే. అయినా ఒక ఎకరం యాసంగి వరి కోసం బోరు తోడే నీళ్ళు, పది ఎకరాల మామిడి తోట ఎండకాలాన్ని గట్టెక్కించగల నీళ్ళు. వరి వద్దని నేను అనను. మామిడి తోట ఉన్న బోరు కిందే యాసంగి వరి కూడా పెట్టి, మార్చి చివరకు రెంటికీ నీళ్ళు చాలక నలిగిపోయే పరిస్థితి రావద్దని చెబుతున్నాను. వరి ఎండితే ఒక పంట పోతుంది. మామిడి ఎండితే ఇరవై ఏండ్ల కష్టం పోతుంది.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. చెట్టు పెరిగి గొడుగు ఎనిమిది మీటర్లకు చేరితే నీటి అవసరం దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు సొంత ఎకరం వాన చాలదు. అందుకే కాయ కోత అయిన వెంటనే కొమ్మలు కత్తిరించి గొడుగును అదుపులో ఉంచడం, కాయ కోసం ఎంత ముఖ్యమో నీటి కోసమూ అంతే ముఖ్యం. ఈ మధ్య చెట్లు దగ్గర దగ్గరగా నాటే అధిక సాంద్రత తోటలు వస్తున్నాయి. ఐదు మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 160 చెట్లు. చెట్టు చిన్నది కాబట్టి ఒక్కో చెట్టుకు తక్కువ నీళ్ళే కావాలి. కానీ నేలంతా ఆకు కమ్మేసినప్పుడు ఎకరం లెక్క పెరుగుతుంది. అందుకని చెట్ల సంఖ్య చూడకండి, ఎకరంలో ఎంత నేల మీద నీడ పడుతోందో చూడండి. నీళ్ళ లెక్క ఆ నీడతోనే నడుస్తుంది.

ఇప్పుడు మీ బావి సంగతి. తోట వేద్దామనుకునే రైతు సాధారణంగా వానాకాలంలో బోరు ఎంత పోస్తుందో చూసి మొక్కల సంఖ్య నిర్ణయిస్తాడు. అక్కడే దెబ్బ తింటాం. చూడాల్సింది మే నెల నీళ్ళు, రోహిణి కార్తె నాటి నీళ్ళు. కొలవడం చాలా సులువు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టండి. నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి. నిమిషమున్నరలో నిండితే గంటకు 8,000 లీటర్లన్నమాట. ఆ తర్వాత బోరు ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుందో చూడండి. మూడు గంటలు పోసి ఆగిపోయిందంటే రోజుకు 24,000 లీటర్లు. ఎకరానికి 4,800 చొప్పున ఐదు ఎకరాల మామిడికి అది సరిపోతుంది. ఆరో ఎకరం ఆ బోరు భరించలేదు. పదెకరాల భూమి ఉందని పదెకరాలూ నాటితే ఐదు ఎకరాల చెట్లు ఎండుతాయని కాదు, పదెకరాల చెట్లూ సగం ఆకలితో ఉండి, కాయ సైజు రాక, ఏటా నష్టం తెస్తాయి.

మన రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకు ముందు కరెంటు ఉన్న గంటలే బోరుకు కొలత. ఇప్పుడు ఆ కొలత పోయింది. ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి వదిలేస్తే మోటరు రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. దయచేసి ఆ స్టార్టర్లు తీసేయండి. కరెంటు ఎంత ఉన్నా బండలో నీళ్ళు అంతే ఉంటాయి. మీ బోరు అవసరానికి మించి తోడిన ప్రతి గంటా మీ పక్క రైతు బోరు మట్టాన్ని దించుతుంది. ఆయన తోడింది మీ మట్టాన్ని దించుతుంది.

నీళ్ళు ఎన్ని అన్నది ఒక భాగమే. ఎప్పుడు అన్నది అంతకంటే పెద్దది. మామిడికి ఏడాది పొడుగునా నీళ్ళు అక్కర్లేదు. కాపుకొచ్చిన చెట్టుకు దసరా తర్వాత నీళ్ళు పూర్తిగా ఆపాలి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో చెట్టు బెట్టకు రావాలి. ఆ బెట్టకు చలి తోడైతేనే కొమ్మ చివర పూమొగ్గ తయారవుతుంది. ఆ సమయంలో జాలిపడి నీళ్ళు పెడితే చెట్టు పూతకు బదులు ఇగురు వేస్తుంది. ఎర్రటి లేత ఆకు చూసి చెట్టు కళకళలాడుతోందని సంతోషిస్తాం, ఆ ఏడు కాయ మాత్రం ఉండదు. కాలువ కింద వరి మళ్ళ మధ్య ఉన్న మామిడి తోటలకు ఈ చిక్కు ఎక్కువ. వానాకాలం వరి మడి ఊట దీపావళి దాకా తోట నేలను తడిగానే ఉంచుతుంది. అలాంటి చోట మడికీ తోటకూ మధ్య మూడు అడుగుల లోతు కాలువ తవ్వి ఊటను బయటకు తీయాలి. ఆ కాలంలో తోటకు నీళ్ళు పెట్టడం కంటే తీసేయడమే సేవ.

సంక్రాంతి ముందూ వెనకా పూత వస్తుంది. పూత మీద కూడా తొందరపడి నీళ్ళు పెట్టకండి. పూత నిలిచి, పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్ళు మొదలుపెట్టాలి. మొదటి తడి నిండుగా కాకుండా తక్కువగా ఇచ్చి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకురావాలి. ఎండిన నేలలో ఒక్కసారిగా నీళ్ళు నింపితే పిందె రాలుతుంది. అక్కడి నుంచి కాయ ఎదిగే దాకా తడి తగ్గకూడదు. పాదులకు నీళ్ళు పెట్టేవారు చెల్క నేలల్లో పది రోజులకోసారి, రేగడిలో పదిహేను రోజులకోసారి పెట్టాలి. ఒకసారి పూర్తిగా ఎండనిచ్చి, మరోసారి ముంచెత్తితే కాయ పగులుతుంది, రాలుతుంది. కోతకు పదిహేను ఇరవై రోజుల ముందు మళ్ళీ ఆపేయాలి. అప్పుడే కాయలో తీపి నిలుస్తుంది, రవాణాకు తట్టుకుంటుంది. కోత అయ్యాక కొమ్మ కత్తిరించి, ఎరువు వేసి, వాన ఆలస్యమైతే ఒక మంచి తడి ఇవ్వాలి. ఆ తర్వాత పని వానదే.

ఆదిలాబాద్ కమలా రైతులకూ, బత్తాయి వేసినవారికీ ఇదే సూత్రం మరో రూపంలో ఉంది. నిమ్మ జాతి చెట్లు బెట్ట పడి, తిరిగి తడి తగిలినప్పుడు పూస్తాయి. చలికాలంలో బెట్ట పెట్టి జనవరిలో నీళ్ళిచ్చి పూయిస్తే దాన్ని అంబే బహార్ అంటారు. ఆ కాయ ఎండకాలమంతా చెట్టు మీదే ఉంటుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు తప్పనిసరి. ఎండకాలంలో సహజంగా బెట్ట పడనిచ్చి మృగశిర వానలకు పూయిస్తే అది మృగ్ బహార్. ఆ కాయ వానల్లో ఎదిగి ఫిబ్రవరి, మార్చిలో కోతకొస్తుంది. మృగశిర వాన సమయానికి పడకపోతే పూత దెబ్బతినే ప్రమాదం ఉంది, కానీ ఎండకాలంలో కాయను మోయాల్సిన భారం చెట్టుకూ ఉండదు, బావికీ ఉండదు. మీ బావిలో మే నెలలో నీళ్ళుంటే అంబే, లేకపోతే మృగ్. ఏది పట్టాలో బావే చెబుతుంది. పొరుగున విదర్భలో వరుడ్, మోర్షి ప్రాంతాల కమలా రైతులు బావి తర్వాత బోరు, బోరు తర్వాత ఇంకా లోతైన బోరు వేసుకుంటూ పోయి భూగర్భ జలాలను అడుగంటించుకున్నారు. కరువు ఏండ్లలో కాపు మీదున్న తోటలే ఎండిపోయాయి. అది మనకు కూతవేటు దూరంలో ఉన్న పాఠం. కమలా సాగు మెళకువలకు నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ మనకూ దగ్గరే. దాన్ని ఉపయోగించుకోండి.

నీళ్ళు ఎక్కడ పోయాలన్నది మూడో సంగతి. చెట్టు మొదట్లో పోస్తే చెట్టు తాగదు. మొదట్లో ఉన్నవి చెట్టును నిలబెట్టే లావు వేర్లు. నీళ్ళు పీల్చే సన్న వేర్లు కొమ్మల గొడుగు అంచు కింద ఉంటాయి. మధ్యాహ్నం చెట్టు నీడ ఎక్కడిదాకా పడుతుందో అక్కడ నీళ్ళు అందాలి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి పొడిగా ఉంచి, అంచున గుండ్రంగా పాదు చేయండి. నిమ్మ జాతిలో మొదలు తడిస్తే బంక కారే తెగులు వచ్చి చెట్టే పోతుంది.

ఎడారి దేశమైన ఇజ్రాయెల్‌లో సింహా బ్లాస్ అనే ఇంజనీరు రూపొందించిన బిందు సేద్యం, 1965లో అక్కడి హత్సెరీమ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామంలో పరిశ్రమగా మొదలై లోకమంతా పాకింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి మన రైతులకూ సబ్సిడీ మీద డ్రిప్పు అందింది. పైపులు పరిచిన తోటలు చాలా ఉన్నాయి. అయితే చాలా తోటల్లో మొక్క నాటిననాడు పెట్టిన రెండు డ్రిప్పర్లే, పదేండ్ల చెట్టుకు కూడా, మొదట్లోనే కారుతుంటాయి. చెట్టు పెరిగిన కొద్దీ పైపును గొడుగు అంచుకు జరపాలి, డ్రిప్పర్ల సంఖ్య పెంచాలి. గంటకు 8 లీటర్లు పోసేవి ఐదు డ్రిప్పర్లు అంచు చుట్టూ పెడితే మూడు గంటల్లో 120 లీటర్లు అందుతాయి. ఇందాక చెప్పిన డ్రమ్ము లెక్కతో కలిపి చూడండి. గంటకు 8,000 లీటర్ల బోరు ఐదు ఎకరాలకు ఒకేసారి నీళ్ళిచ్చి మూడు గంటల్లో పని ముగిస్తుంది. ఎండ తీవ్రంగా లేని తెల్లవారుజామున ఆ మూడు గంటలు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఫిల్టరు వారానికోసారి కడగండి. కాలువ నీళ్ళు వాడేవారు నాచును ఆపడానికి ఇసుక ఫిల్టరు తప్పక పెట్టుకోండి. నెలకోసారి తోటంతా తిరిగి, నీళ్ళు రాని డ్రిప్పర్లను పట్టుకోండి. డ్రిప్పు సరిగా ఉంటే పాదుల్లో పారించే నీళ్ళలో మూడో వంతు నుంచి సగం దాకా ఆదా అవుతాయి. చెల్క, దుబ్బ నేలల్లో రోజూ కొంచెం ఇవ్వండి. రేగడిలో రెండు మూడు రోజులకోసారి ఎక్కువసేపు ఇవ్వండి.

చెట్టు కింద నేలను నగ్నంగా వదలకండి. ఎండుటాకు, వరిగడ్డి, సోయా కట్టె, కంది కట్టె, ఏది దొరికితే అది అరజానెడు మందాన గొడుగు కింద పరచండి. ఆకు తగలబెట్టడం అంటే నీళ్ళు తగలబెట్టడమే. రేగడి నేల ఎండి పగుళ్ళిస్తే సన్న వేర్లు తెగిపోతాయి, ఆ పగుళ్ళలోంచి లోపలి తేమ కూడా ఆవిరైపోతుంది. ఆకు కప్పితే పగులు రాదు.

భూమిలోకి దిగే ఆ పదో వంతు వాన నీటిని పెంచుకోవడం మన చేతిలోనే ఉంది. వాలుకు అడ్డంగా చెట్ల వరసల మధ్య కందకాలు తవ్వండి. తోట కింది మూలన నీటి కుంట తీయండి. ఉపాధి హామీ కింద ఈ పనులు చేయించుకోవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన ఊరి చెరువు, కుంట నిండితే వాటి చుట్టూ బావుల్లో ఊట పెరుగుతుంది. తూము, మత్తడి బాగుందో లేదో చూసుకోవడం ఆయకట్టు రైతు పని మాత్రమే కాదు, తోట రైతు పని కూడా. చెరువు మట్టి చెల్క నేలలో వేస్తే అది తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది.

చిన్న మొక్కల గురించి ఒక మాట. నాటిన మొదటి ఐదేండ్లు మామిడి మొక్కకు ఏడాది పొడుగునా తడి కావాలి. పసిబిడ్డకు పాలు పట్టినట్టు కొంచెం కొంచెం, తరచుగా ఇవ్వాలి. ఉట్నూరు చుట్టుపక్కల ఏజెన్సీ గూడేల్లో నాబార్డు సాయంతో నడిచిన ‘వాడి’ అనే తోటల పద్ధతి ఎకరం భూమిలో మామిడి మొక్కలు నాటి, బిందెలతోనైనా నీళ్ళు మోసి బతికించుకోవడం. బోరు లేనివారు మొక్క పక్కన అడుగున చిన్న రంధ్రం చేసిన మట్టి కుండ పాతి, అందులో వత్తి పెట్టి, నాలుగైదు రోజులకోసారి నింపితే మొక్క ఎండకాలం దాటుతుంది. నీళ్ళు అసలే తక్కువ ఉన్న చోట మామిడి మీదే పట్టుబట్టవద్దు. ఆదిలాబాద్ అడవుల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే సీతాఫలం కాస్తోంది. ఎండకాలంలో ఆకు రాల్చి నిద్రపోయి, వానకు చిగురించి దసరాకు పండుతుంది. రేగు, ఉసిరి, నేరేడు కూడా తక్కువ నీళ్ళతో నిలబడే చెట్లు. అరటికి ఏడాదికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. కాలువ నీళ్ళు, బోరు నీళ్ళు రెండూ ఖాయంగా ఉన్నవారే దాని జోలికి వెళ్ళాలి.

కాలువ ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. 1963లో నెహ్రూ పునాది వేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కరీంనగర్‌కు, సరస్వతి కాలువ నిర్మల్ వైపుకు నీళ్ళు తెచ్చాయి. కడెం, స్వర్ణ, సాత్నాల ప్రాజెక్టులున్నాయి. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల ప్రారంభమైంది, కానీ 2023 అక్టోబరులో దాని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. అంతకు ముందు 2015లో, పాత ప్రాజెక్టులు ఉండగానే, రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించాల్సి వచ్చింది. ప్రాజెక్టులు మనకు పెద్ద అండ, వాటిని కాదనలేం. కానీ కాలువకు నీళ్ళు వదిలే తేదీలు వరి నాట్లను బట్టి ఉంటాయి, మామిడి పిందెను బట్టి ఉండవు. నలభై ఏండ్లు బతకాల్సిన చెట్టును ఏటా మారే విడుదల తేదీల మీద నిలబెట్టకండి. కాలువ వచ్చిన ఏడు ఆ నీళ్ళతో కుంట నింపుకోండి, బావి ఊట పెంచుకోండి. అప్పుడు కాలువ రాని ఏడు కూడా తోట నిలుస్తుంది.

కరువు వచ్చిన ఏడు ఏం చేయాలి? ముందుగా కాయ మీద ఆశ తగ్గించుకోవాలి. పిందెలు కొన్ని తీసేయండి, కాయ భారం తగ్గితే చెట్టు తట్టుకుంటుంది. లేత ఇగురు, గుబురు కొమ్మలు కత్తిరించండి. మొదళ్ళకు సున్నం పూయండి, ఎండకు బెరడు పగలదు. ఉన్న నీళ్ళు మొదట చిన్న మొక్కలకు, తర్వాత బాగా కాసే చెట్లకు, చివరగా ముసలి చెట్లకు. ఒక ఏడు కాపు పోయినా చెట్టు బతికితే వచ్చే ఏడు అప్పు తీరుతుంది.

చివరగా ఊరి సంగతి. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. చట్టం భయంతో కాదు, న్యాయంగా చూసినా ఆ నియమం పాటించాలి. భూమి కింద నీటికి గట్లు లేవు, పట్టాలు లేవు. ఎకరం వాన ఎకరం తోటకు సరిపోవాలంటే పక్క ఎకరం కూడా తన వానతోనే సరిపెట్టుకోవాలి. ఒక ఊళ్ళో పదిమంది తోట రైతులు కలిసి కూచుని, ఎవరి బోరు ఎంత పోస్తుందో చెప్పుకొని, కొత్త బోర్లు వేయకుండా ఉన్నవాటినే గంటలు పంచుకుని వాడుకుంటే ఆ ఊళ్ళో ఏ చెట్టూ ఎండదు. ఉద్యాన శాఖ అధికారులతో, జగిత్యాల పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలతో మాట్లాడండి, మీ నేలకు సరిపోయే మోతాదు అడిగి రాసుకోండి.

ఈ ఎండకాలం ఒక్క పని చేయమని ప్రతి తోట రైతునూ కోరుతున్నాను. మే నెలలో ఒక పొద్దున డ్రమ్ము పెట్టి మీ బోరు కొలవండి. వచ్చిన అంకెను మోటరు డబ్బా మీద రంగుతో రాయండి. ఏటా అదే తేదీన అదే డ్రమ్ముతో కొలిచి, పక్కనే కొత్త అంకె రాయండి. అంకె తగ్గుతున్నదంటే కందకాలు తవ్వాలి, వరి తగ్గించాలి, కొమ్మ కత్తిరించాలి. నిలకడగా ఉందంటే మీ లెక్క సరైనదే. కొత్త మొక్కలు తెచ్చే ముందు ఇంటిల్లిపాదీ ఆ అంకెల ముందు నిలబడి మాట్లాడుకోండి, ఆ తర్వాతే నర్సరీకి వెళ్ళండి.

మీ తోటలు చల్లగా ఉండాలని, మీ బావుల్లో ఊట తరగకుండా ఉండాలని కోరుకుంటున్నాను.